ఆరు గళ్ల డ్రాయింగు సారు

మా డ్రాయింగు సారు పోయినాడు. పోయిన శుక్రవారం నంద్యాల ఆసుపత్రిలో నేను డ్యూటీ ఎక్కి పది నిమిషాలు కాలేదు, ఆయన కోడలు వచ్చి వాకిట్లో నిలబడింది. "మామ తెల్లారుజామున నిద్రలోనే పోయినాడక్కా" అనింది. సాయంత్రం చర్చిలో ప్రార్థన అయినాక సమాధుల తోటకు పోయి, అందరితో పాటు నేనూ పిడికెడు మన్ను వేసినా. అప్పుడు వెనక నుంచి ఎవరో ఆళ్లగడ్డ పెద్దాయన అంటాన్నాడు: "మంచోడే పాపం. పిల్లోల్లను బెదిరిస్తాడనే ఒక్క చెడ్డపేరు ఉండె." ఆ పేరు తెచ్చింది నేను. అందుకే ఇది రాస్తాండా.

డెబ్బైలలో నేను ఆళ్లగడ్డలో ఆరో తరగతి చదివేటప్పుడు ఆయన మా బడికి వచ్చినాడు. అంతకుముందు చానా ఏండ్లు మద్రాసులో ఒక స్టూడియోలో ఉండినాడంట. సినిమాలో సీను తీసే ముందు, అది తెర మీద ఎట్లుంటాదో కాగితం మీద గళ్లు గళ్లుగా బొమ్మలేసి చూపించే పని. దాన్ని స్టోరీబోర్డు అంటారని చెప్పినాడు. మాకు నోరు తిరగలేదు, 'గళ్ల బొమ్మలు' అన్నాం. ఆయనా అదే అనడం మొదలుపెట్టినాడు. వాళ్లమ్మకు పక్షవాతమొస్తే మద్రాసు వదిలేసి వచ్చినాడు. ఆ సంగతి ఒక్కసారే చెప్పినాడు, మళ్లా ఎత్తలేదు.

మామూలుగా మేం గీయాల్సింది కుండ, అరటిపండు, మందారపువ్వు. అవి తొందరగా గీయించేసి, బోర్డు మీద ఆరు గళ్లు గీసేవాడు. "ఒక పాప బడి నుంచి ఇంటికొస్తాది. తలుపుకు బీగం ఉంటాది. ఇంతే కథ. మాటలు రాయగూడదు. పాప భయం చూసేవాడికి తెలియాల. గీయండి, బేగా!"

మేమేం చేసినాం? ఆరు గళ్లలోనూ ఇల్లు, దాని వెనక కొండ, కొండ మీద సూర్యుడు, ముందర పాప. ఆ పాప ఆరుసార్లూ మా దిక్కే మొగం పెట్టి, చేతులు కిందికి జార్చి నిలబడి ఉంటాది. సారు చూసి, "ఏందప్పా, ఈ పాప ఫోటో దిగనీకి వచ్చిందా? బీగం వెనకుంటే ముందర ఎవర్ని చూస్తాండాది?" అని నవ్వినాడు. మనిషిని వెనక నుంచి గీయొచ్చని మాకేం తెలుసు? దేవుళ్ల పటాలు, పెండ్లి ఫోటోలు, అన్నీ మనల్నే కదా చూస్తాంటాయి!

ఎవరి గీతనూ ఆయన చెరిపేవాడు కాదు. "నీ గీత నీదే, పక్కన ఇంకో గడి వేసుకో" అనేవాడు. చేతికంటిన సుద్దను మోచేతికి రుద్దుకుంటా ఒక్కొక్కరి కాడ వంగి, "కన్ను యాడ పెట్టినావ్?" అని అడిగేవాడు. చూసేవాడి కన్ను పాప వెనకుందా, తలుపు పక్కనుందా అని. నేను ఒక గడిలో బీగం ఒక్కటే పెద్దగా గీసినా. ఇంకో గడిలో పాప కాళ్లు మాత్రం గీసినా, ఒక కాలి మీద ఇంకో కాలు పెట్టుకోని. ఆయన చానాసేపు చూసి, "ఈ పాపకు భయమైతాండాది" అన్నాడు. నా బతుకులో మొదటి మెప్పు అది. ఆ సంతోషం పట్టలేక ఇంటికాడ లెక్కల పుస్తకం వెనక కూడా గళ్లు గీసుకుంటా కూచునేదాన్ని.

అదే కొంప ముంచింది. మా నాయన బట్టల అంగట్లో గుమాస్తా. సినిమా మాటెత్తితే మండిపడేవాడు. ఒకరోజు నా పుస్తకం తిరగేసినాడు. "ఏందిమే ఇవి? కాళ్లొక చోట, కండ్లొక చోట! మనిషిని ముక్కలు చేసి గీస్తారా యాడన్నా?" అన్నాడు. సినిమా గళ్లని తెలిసినాక ఇంకేముంది! "రేపట్నుంచి బడి బందు. ఇంట్లో కూచోని చెల్లెల్ని ఆడిచ్చు పో" అన్నాడు. పొద్దున్నే నా రెక్క పట్టుకోని హెడ్మాస్టరు గదికి తీసకపోయినాడు. సారును పిలిపించినారు.

"నీ అంతట నువ్వే గీసినావా, సారు గీయించినాడా?" అని హెడ్మాస్టరు అడిగినాడు. నేనే గీసినానంటే బడి పోతాది. "సారే గీయమన్నాడు. గీయకుంటే ఫెయిలు చేస్తానన్నాడు" అన్నా. పచ్చి అబద్ధం. ఏ పొద్దూ ఎవర్నీ ఒక్క మాట గట్టిగా అనని మనిషి ఆయన. సారు నా దిక్కు ఒక్కసారి చూసి, "అవును సార్, నేనే అన్నా. పాప తప్పేం లేదు, బడి మాన్పించొద్దండి" అన్నాడు.

నా బడి పోలేదు. గళ్ల బొమ్మలు ఆ రోజుతో సరి. ఎండాకాలం సెలవుల్లో ఆయన్ను ఆత్మకూరు పక్క పల్లెకు బదిలీ చేసినారు. వాళ్లమ్మను మంచంతో సహా లారీ ఎక్కిస్తాంటే వీధి చివర నిలబడి చూసినా. దగ్గరికి పోలేదు, పాపిష్టిదాన్ని.

చదువుకోని నర్సునైనా. రెండేండ్ల కిందట కాలికి పుండు పడి, కట్టు కట్టించుకోనీకి ఆయన మా ఆసుపత్రికే వచ్చినాడు. నా పేరు వినగానే గుర్తుపట్టి, "బాగుండావామ్మా?" అన్నాడు. నాలుగోసారి వచ్చినప్పుడు ఇంక ఆపుకోలేకపోయినా. "సార్, ఆ పొద్దు నేను అబద్ధం చెప్పి మీ బతుకు చెడగొట్టినా" అని ఏడ్చినా.

"ఏడుపు తర్వాత. ముందు ఆ సీను గీయి" అని మందుల చీటీ వెనక్కి తిప్పి ఇచ్చినాడు. గీసినా. గది మధ్యలో నేను, ఇంత పొడుగున. మూలన సారు, చిన్నగా, తల వంచుకోని.

"కన్ను యాడ పెట్టినావ్?"

"వాకిట్లో సార్."

"ఆ వాకిట్లో ఆ పొద్దు ఎవరూ లేరు. ఇది ఇప్పటి నర్సమ్మ కన్ను" అన్నాడు. నేను వద్దు వద్దంటానే ఉన్నా, స్టూలు దిగి, డాక్టరు బల్ల ముందర మోకాళ్ల మీద నిలబడినాడు. "ఇది హెడ్మాస్టరు బల్ల అనుకో. అప్పుడు నువ్వు ఇంతే ఉంటివి. ఈడికి రా. ఈడనుంచి చూడు."

"కట్టు ఊడిపోతాది, లేయండి సార్" అన్నా. లేయలేదు. నేనూ పక్కనే మోకాళ్ల మీదికి దిగినా. బల్ల అంచు నా గుండెలకాడికి వచ్చింది. దాని అవతల కుర్చీ వీపు గోడకు ఆనుకోని పైకి లేచి ఉండాది.

"ఎంత పెద్దగుంది సార్!"

"మరి?" అన్నాడు.

డాక్టరు ఇంకా రాలేదు. ఇద్దరం ఆ గచ్చు మీద అట్లే, ఆ ఖాళీ కుర్చీ దిక్కు తలెత్తి చూస్తా ఉండిపోయినాం.