మందు కాదనుకున్న మాత్ర

2009లో నేను నార్త్ కరోలినాలోని క్యారీలో, ఒక గ్యాస్ట్రో క్లినిక్‌లో నర్సుని. కడుపులో హెచ్. పైలోరి అనే బ్యాక్టీరియా ఉందో లేదో తేల్చడానికి మేము ఎక్కువగా స్టూల్ యాంటిజెన్ టెస్ట్ చేయించేవాళ్లం. గొంతులో గొట్టం వేయక్కర్లేదు, సూది గుచ్చక్కర్లేదు. కాస్త మలం డబ్బాలో తెచ్చిస్తే, అందులో ఆ బ్యాక్టీరియా తాలూకు ప్రోటీన్ ఉందేమో ల్యాబ్‌లో చూస్తారు.

మాధవి హెచ్-1 వీసా మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ టెస్టర్. వయసు ముప్పై మూడు. ఆర్నెల్లుగా కడుపులో మంట. డబ్బా చేతికిస్తే సిగ్గుతో కుంచించుకుపోయింది.

"ఇది కార్‌లో పెట్టుకుని తేవాలా అక్కా?"

"ల్యాబ్‌వాళ్లకి ఇది రోజూ ఉండే పనేనమ్మా," అన్నాను.

రిజల్ట్ నెగెటివ్. ఆఫీసు ఒత్తిడి వల్ల కావచ్చన్నారు డాక్టరుగారు. ఆ మాట ఫోన్‌లో చెప్పగానే మాధవి ఏడ్చేసింది.

"మా ఆయన కూడా స్ట్రెస్సే అంటున్నాడు. నాదంతా ఊహేనా? జాబ్ రిజైన్ చేసేద్దామనుకుంటున్నా. చేస్తే నా వీసా పోతుంది."

ఆ ఏడుపు విన్నాక ఫోన్ పెట్టేయలేకపోయాను. "మంట వచ్చినప్పుడు ఏం చేస్తావు?" అని అడిగాను.

"మజ్జిగ తాగుతా. ఇంకా రోజూ పొద్దున్నే గ్యాస్ మాత్ర ఒకటి వేసుకుంటా. గ్రాసరీ స్టోర్‌లో దొరుకుతుందిగా, అది."

"డబ్బా తెచ్చిన రోజు కూడానా?"

"ఆఁ, వేసుకున్నా."

"మందులేవీ వాడట్లేదన్నావుగా?"

"అది ప్రిస్క్రిప్షన్ మందు కాదు కదక్కా!"

తప్పు ఆమెది కాదు. ఆ రకం మాత్ర యాసిడ్‌తోపాటు బ్యాక్టీరియాని కూడా అణచి ఉంచుతుంది, టెస్టుకి దొరకనివ్వదు. రెండు వారాల ముందే ఆపాలి. నేను "ఎనీ మెడికేషన్స్?" అని అడిగి, ఆమె "నో" అనగానే టిక్కు పెట్టేశాను. వెంటనే డాక్టరుగారి గదికి వెళ్లి, "ఈ నెగెటివ్‌ని నమ్మలేం, మళ్లీ చేయిద్దాం," అన్నాను. ఆయన విషయమంతా విని ఒప్పుకున్నారు.

మాధవితో ఆ మాత్ర ఆపించాం. తొమ్మిదో రోజున ఫోన్ చేసింది. "మీటింగ్‌లో కూర్చోలేకపోతున్నా. ఒక్క మాత్ర వేసుకోనా?"

"డాక్టరుగారు రాసిన యాంటాసిడ్ సిరప్ తాగు, అది టెస్టుకి అడ్డురాదు. ఆ మాత్ర మాత్రం ముట్టుకోకు. ఇంకా అయిదు రోజులే."

ఓర్చుకుంది. ఈసారి పాజిటివ్ వచ్చింది. రెండు వారాలు యాంటీబయాటిక్స్, వాటితోపాటు మళ్లీ ఆ గ్యాస్ మాత్ర వాడింది. కోర్సు అయ్యాక నెల దాటనిచ్చి, మాత్ర ఆపించి, మళ్లీ టెస్ట్ చేయించాం. నెగెటివ్. ఆ నెగెటివ్‌ని ధైర్యంగా చెప్పాను.

"నిన్న టీమ్ లంచ్‌లో రెండు స్లైసులు పిజ్జా తిన్నానక్కా!" అంది. రిజైన్ చేసే మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పటినుంచి నేను మందుల గురించి ఒక్క ప్రశ్నతో ఆపలేదు. "బాధగా ఉన్నప్పుడు ఏం మింగుతారు?" అని కూడా అడిగేదాన్ని. మొదటి ప్రశ్నకి చాలామంది ఏమీ లేదనేవాళ్లు. రెండో ప్రశ్నకి హ్యాండ్‌బ్యాగ్ తెరిచేవాళ్లు.