స్వామివారి ప్రవచనానికి నా వంత

మాది తెనాలి. ముప్పై ఏళ్లు బుర్రకథ దళంలో హాస్యగాణ్ణి. కథకుడు ఊపిరి పీల్చుకోవడానికి ఆగగానే అడ్డుప్రశ్న వేసి జనాన్ని నవ్వించడమే నా పని. దళం చెదిరిపోయాక డాబా మీద మల్లెమొక్కలు పెంచుకుంటూ కాలక్షేపం చేస్తున్నాను.

మొన్న వేసవిలో మా ఆవిడ నన్ను బాపట్లలో ఒక స్వామివారి ప్రవచనానికి లాక్కెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టింది. మైకు కీచుమందని స్వామివారు మైకాయన్ని అందరి ముందూ చెడామడా తిట్టి, ప్రవచనం మొదలుపెట్టారు.

"కోపాన్ని నేనెప్పుడో జయించాను," అని ఆగారు.

నా ముందు అలా ఆగకూడదు.

"మరి ఇందాక మైకాయన్ని ఉతికి ఆరేసిందెవరు అన్నయ్యా?" అనేశాను, అదీ స్టేజీ గొంతుతో.

హాలంతా ఘొల్లున నవ్వింది. ఇద్దరు కార్యకర్తలు వచ్చి నా రెక్కలు పట్టుకున్నారు.

"వదలండయ్యా," అన్నారు స్వామివారు. "ఇంతమందిలో నా మాట వింటున్నది ఈయనొక్కడే."

తిరుగు బస్సులో మా ఆవిడ, "నలభై ఏళ్లుగా నేనూ చెబుతున్నానండి. ఒక్కసారైనా ఇలా విన్నారా?" అని ఆగింది.

ఎదుటివాళ్లు ఆగితే చాలు నోరు లేచే నాకు, అక్కడ మాత్రం పెగల్లేదు.