తొట్టెలకు తగ్గ బరువు

నవ్వే అలవాటున్నవాళ్లు ముందే నీళ్లు తాగి కూర్చోండి, మధ్యలో పొలమారితే నాది పూచీ కాదు. యాభై దాటిన వయసులో, పట్టపగలు, తలుపులు బార్లా తీసి ఉన్న ఇంట్లో నా పరువు ఎలా కూలిందో చెప్పబోతున్నాను. కొంపలు దబ్బున కూలుతాయి. నా పరువు మాత్రం మెల్లగా, హాయిగా, ఊగుతూ కూలింది.

నాకు చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది. నేను చెబుతుంటే సుజాత రాస్తోంది. ఈ కథలో తనూ ఉంది కాబట్టి తనవైపు ఏమైనా కలుపుతుందేమో, ఒక కన్నేసి ఉంచండి.

అప్పట్లో అయిజలో మా ఇంటి ముందుగది సుజాతకు కిరాయికి ఇచ్చాను. లెక్కల టీచరు. భర్త బస్సు కండక్టరు. ఇంట్లో కూర్చున్నదానికంటే బస్సులో నిలబడ్డదే ఎక్కువ. మూడు నెలల పాప. ఇరవై రోజుల్లో సర్కారు కొలువుకు పరీక్ష. సుజాత పుస్తకం తెరిచిందంటే ఆ చప్పుడు పాపకు ఎలా వినిపించేదో కానీ, వెంటనే ఊరంతా కదిలేలా ఏడుపు ఎత్తుకునేది. చంకనెత్తుకుని గది చుట్టూ తిరిగీ తిరిగీ సుజాత కళ్లకింద నల్లచారలు తప్ప చదువు పడలేదు.

ఇంతలో వనపర్తి నుంచి ఆమె అత్త అంజమ్మ ఫోను.

"శుక్రారం వస్తున్న. పిల్లను సూసుకునే దిక్కు లేకపాయె. మూట కట్టుకోని నా ఎంబడి రా. పరీక్ష వచ్చే యేడు రాసుకుందువు తీ."

వచ్చే ఏడు అనేది ఎప్పుడూ వచ్చే ఏడుగానే ఉంటుందని నాకు తెలుసు, సుజాతకూ తెలుసు. ఆ పిల్ల గోడవైపు తిరిగి ముక్కు తుడుచుకుంది. అది చూసి నాకు పౌరుషం పొంగింది. ఫోను లాక్కున్నాను.

"దిక్కు లేకేంది వదినె? నేను సచ్చిన్ననుకున్నవా? శుక్రారం వచ్చి సూడు. పిల్ల తొట్లెల నిద్రపోతుంటది, నీ కోడలు సదువుకుంటుంటది, నువ్వు చాయ్ తాగుతుంటవ్."

"సూస్త తియ్," అంది అంజమ్మ. ఆ ఒక్క మాటతో నన్ను తూకం వేసి పక్కన పెట్టింది.

మా ఆయన పోయాక ట్రాక్టరు అమ్మేశాను కానీ, దాని పాత సీటు స్ప్రింగులు రెండూ అటక మీద దాచుకున్నాను. ఎందుకని అడగకండి. అంత మనిషిని ఏళ్ల తరబడి కూర్చోబెట్టుకుని ఎగరేసిన ఇనుము అది. పాత ఇనుప సామాన్లకు వేయడానికి చెయ్యి రాలేదు. బజారులో పసిపిల్లల తొట్టెలకు, అదే ఉయ్యాలలకు, కట్టే స్ప్రింగులు దొరుకుతాయి, నాకు తెలియక కాదు. ఇంట్లో ఇంత పులిలాంటి స్ప్రింగు పెట్టుకుని పిల్లిపిల్ల లాంటిది కొనడమేమిటని నా గర్వం.

దూలానికి ఉన్న కొక్కేనికి స్ప్రింగు తగిలించి, పాత చీర కట్టి, పాపను పడుకోబెట్టి ఊపాను. ఇల్లు ఊగిందేమో కానీ స్ప్రింగు ఊగలేదు. పాప ఏడుపు ఆపి, దారిలో చెడిపోయిన బస్సు డ్రైవరును ప్రయాణికులు చూసినట్టు నన్ను చూసింది. మళ్లీ మొదలుపెట్టింది.

సుజాత నవ్వు ఆపుకుంటూ సుద్దముక్క తెచ్చింది. పాపను తీసి, ఐదు కిలోల బియ్యం మూట పెట్టి, పక్కన గోడ మీద గీత గీసింది. ఒక వేలు వెడల్పు దిగింది. ఇంకో మూట పెడితే రెండు వేళ్లు. మూడో మూటకు మూడు.

"నాలుగు పెడితె?" అంది.

"నాలుగు వేళ్లు. గింత దానికి బడికి పోవాల్నా?"

"అంతే పెద్దమ్మా. ఎంత బరువన్న వెయ్యి, వేలుకు ఐదు కిలోలు. బరువు మారుతది, సాగుడు మారుతది, ఆ ఐదు మాత్రం మారదు. ఈ స్ప్రింగు ఎంత బిరుసో చెప్పే అంకె అది. మేం గుణకం అంటం. మొక్కినా మారదు, తిట్టినా మారదు."

"అచ్చం మా ఆయన తీరే," అన్నాను.

"పాప బరువే ఐదు కిలోలు. ఒక్క వేలు దిగి ఆడ్నే కూసుంటది. ఇగ ఊగేదేడుంది?"

"అయితె రెండోది గూడ కడ్త. ఇంకో ఎద్దును కట్టినట్టు."

పక్కపక్కన కట్టాను. పాప అరవేలే దిగింది. సుజాత నెత్తి కొట్టుకుంది.

"పక్కపక్కన కడితె బరువు పంచుకుంటయ్, బిరుసు డబలైతది. ఒకదాని కింద ఒకటి కడితె ఒక్కోటి మొత్తం బరువు మోసి, ఒక్కోటి ఒక్కో వేలు సాగుతది. బిరుసు సగమైతది. అయినా సాలదు పెద్దమ్మా. ఇది పెద్దమనిషి కూసునే స్ప్రింగు. రేపు హాల్ టికెట్ తీసుకునేటందుకు పోయినప్పుడు మెత్తటిదొకటి కొనుక్కొస్త."

రేపే శుక్రవారం! పైగా మా ఆయన స్ప్రింగును నా ఇంట్లోనే పనికిరాదంటుందా?

మర్నాడు మధ్యాహ్నం సుజాత బజారుకు వెళ్లింది. నేను స్ప్రింగులను ఒకదాని కింద ఒకటి కట్టాను. రెండు వేళ్లు దిగింది, అంతే. పాప రాగం అందుకుంది. అప్పుడు నా బుర్రలో వెలుగు వెలిగింది. అలాంటి వెలుగులు వెలిగినప్పుడే కొంపలు అంటుకుంటాయి, గుర్తుంచుకోండి. అంకె మారదంది కదా? మారనిదాన్ని వదిలేసి మారేదాన్ని పట్టుకోవాలి. మారేది బరువు! తలకు తగ్గ టోపీ కొనుక్కోమన్నారు పెద్దలు. నా దగ్గర టోపీ సిద్ధంగా ఉంది కాబట్టి తలను వెతకడం మొదలుపెట్టాను.

జొన్నల మూట పెడితే పాపకు గుచ్చుకుంటుంది. రుబ్బురోలు పెడితే పాపకు చోటుండదు. బరువుగా, మెత్తగా, పాపకు అలవాటైన మూట ఇంట్లో ఒక్కటే ఉంది. దాన్ని రోజూ నేనే మోసుకు తిరుగుతున్నాను.

కొక్కేనికి రెండుసార్లు వేలాడి చూశాను. గట్టిగానే ఉంది. పాపను రొమ్ముకు అదుముకుని తొట్టెలలో పడుకున్నాను. నా బరువెంతో నేను చెప్పను. స్ప్రింగులు మాత్రం దాచలేదు. ఇరవై వేళ్లు దాటి, నేలకు జానెడు ఎత్తున ఆగాయి.

అప్పుడు మొదలైంది ఊపు. మెల్లగా పైకి, ఇంకా మెల్లగా కిందికి. ఆ ఊపు నాకు తెలుసు. చేను నుంచి వస్తున్నప్పుడు ఆయన వీపు అలాగే లేచి పడేది, నేను మడ్‌గార్డు మీద కూర్చుని చూసేదాన్ని. ఆయన లేకపోయినా స్ప్రింగులు ఆ లేవడాన్నీ పడడాన్నీ మరిచిపోలేదు. కిటికీలో వెలుగు పసుపు పచ్చగా కరిగింది. వేరుశనగ చేల మీది గాలి వచ్చింది. ట్రాక్టరు బీచుపల్లి వైపు పోతోంది. కింద కృష్ణ, నీళ్లలో మబ్బులు, చక్రాలు నేలకు తగలడం లేదు. ఆయన వెనక్కి తిరగకుండానే, "పడతవ్, పట్టుకో," అన్నాడు. పట్టుకున్నాను. పాప వెచ్చగా చేతికి తగిలింది. ఏడుపు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు, నాకంటే ముందే నిద్రపోయి ఉంటుంది.

"ఓ యమ్మో! ఇదేంది, తొట్లెలకెల్లి గింత పెద్ద కాళ్లొచ్చినయ్!"

కృష్ణ ఇంకిపోయింది. ఎదురుగా అంజమ్మ, చంకలో సంచి.

"మా పిల్లకు మూడు నెల్లే గదనే! ఈ పగిలిన మడిమెలు ఎవలియి?"

"నాయే వదినె. దిగుతున్న."

దిగడం మాటల్లోనే అయింది. నేను లేస్తే తొట్టెల నాతోపాటు లేచింది. కూలబడితే నాతోపాటు కూలబడింది. అంత అణకువ నాకు నా ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూపలేదు.

"దిగు!"

"దిగనిస్తలేదు!"

అంజమ్మ నా చెయ్యి పట్టి లాగింది. నేను పైకి వెళ్లి, మళ్లీ కిందికి వచ్చేటప్పుడు ఆమెనూ కాస్త వంచుకొచ్చాను.

"పరేషాన్ చెయ్యకు వదినె, పిల్ల లేస్తది!"

ఆ మాటకు ఇద్దరం బిగుసుకుపోయాం. పాప లేవలేదు. పెదవి చివర పాలబొట్టుతో, ప్రపంచంతో పనిలేనట్టు నిద్రపోతోంది. గుమ్మంలో సుజాత, ఒక చేతిలో హాల్ టికెట్, ఇంకో చేతిలో కాగితం పొట్లం. అత్త ముఖం చూసి ఆ పిల్ల రంగు పోయింది. పరీక్ష అయిపోయిందనుకుంది. నేనూ అనుకున్నాను.

అంజమ్మ గుసగుసగా అడిగింది. "ఎంత సేపాయె పిల్ల పండుకోని?"

"తెల్వదు. నేను గూడ పండుకుంటి."

అంజమ్మ సంచి కింద పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందని భయపడ్డాను, నవ్వుతోంది, చప్పుడు కాకుండా, కళ్లనీళ్లు కారేలా.

"ఒక్క పిల్లను సూసుకునేటోళ్లు లేరని వస్తి," అంది చివరికి. "ఈడ సూస్తె పిల్లలు ఇద్దరుండ్రి. ఇంగ నేను యాడికి పోత? పరీక్ష అయ్యేదాంక ఈడ్నే ఉంట. సుజాతా, నువ్వు పోయి సదువుకో పో."

పొట్లంలోని మెత్తటి స్ప్రింగుతో పాపకు వేరే తొట్టెల కట్టాం. సుజాత పరీక్ష రాసింది, నాగర్‌కర్నూలులో కొలువూ వచ్చింది. అంజమ్మ గుణకం మాత్రం నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. ఫోనులో ఎన్ని మాటల మూటలు వేసినా వేలెడు సాగని మనిషి, ఒక్క నవ్వుకు మూరెడు సాగింది. దీనికి లెక్కేమిటని అడిగితే, "అది మా పుస్తకంల లేదు పెద్దమ్మా," అంది సుజాత.

ఇంకొకటి. ఆమె వచ్చిన మూడో రోజు మధ్యాహ్నం నేను కూరగాయలు తెచ్చేసరికి, ట్రాక్టరు స్ప్రింగుల తొట్టెలలో కాళ్లు కనిపించాయి.

"వదినె?"

"నడుం నొస్తున్నది," అంది అంజమ్మ కళ్లు తెరవకుండానే. "జర ఊపు."

ఊపాను.

కాబట్టి బీచుపల్లి ఆంజనేయుడి సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. గుణకం తెలుసుకోకుండా ఇక ఏ స్ప్రింగుకూ ఏ ప్రాణినీ తగిలించను. టోపీ చేత పట్టుకుని తలల కోసం తిరగను. పసిపిల్లల తొట్టెల ఈ జన్మలో ఎక్కను. దూలానికి ఇప్పటికీ వేలాడుతున్న ఆ రెండో తొట్టెల పసిపిల్లలది కాదు కాబట్టి ఒట్టు దానికి వర్తించదు. ఈ చివరి మాట రాయొద్దన్నాను సుజాతను. రాసేసింది.