కార్డు కింద ఉండిపోయిన బటన్

రెండేళ్ల కిందటి వానాకాలం. నేను డిజైన్ చేసిన యాప్ ఎలా పనిచేస్తోందో చూడడానికి దుమ్ముగూడెం వైపు ఒక అడవి పల్లెకు వెళ్లాను. కాల్ సరిగా కలవని చోట ఆశా కార్యకర్తలు అంబులెన్స్ పిలవడానికి చేసిన యాప్ అది. గర్భిణి వివరాలు నింపగానే "వివరాలు చేరాయి" అంటూ ఒక తెల్లని కార్డు స్క్రీన్ అడుగు నుంచి పైకి లేస్తుంది. దాని నీడనూ గుండ్రటి అంచులనూ ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు.

ఆశా కార్యకర్త మరియమ్మ నన్ను కూర్చోమనలేదు. ఆ కార్డు కనిపిస్తున్న ఫోన్ నా చేతిలో పెట్టింది.

"గిట్ల వచ్చింది సార్. దవాఖానా బండి వస్తదని రెండు గంటలు చూసినం. బిడ్డ దక్కలే."

చూపు సరిగా ఆనక ఆమె ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుంది. వాటితోపాటు కార్డూ పెరిగి, నొక్కితేనే బండి కదిలే "అంబులెన్స్ పిలవండి" అన్న బటన్‌ను పూర్తిగా కప్పేసింది. కార్డును వేలితో కిందికి లాగాను. బటన్ బయటపడింది.

మరియమ్మ దాన్నే చూస్తూ నిలబడింది. "గీడనే ఉన్నదా సార్?" అంది.



ఆ కార్డును మర్నాడే తీసేశాను. అప్పటి నుంచి నా ఫోన్‌లోనూ అక్షరాలు పెద్దవే. నా చూపు మాత్రం బాగానే ఉంది.