రంగు కారిన అమ్మవారు

పెద్దాయన పోయారన్న కబురు నాకు మొదట తెచ్చింది మా తోడికోడలు. "అక్కా, మీ ఊళ్ళో సినిమా తీసిన డైరెక్టరు గారు పోయారంట. టీవీలో ఆ అమ్మవారి షాటే వేస్తున్నారు" అంది. దీపం ముందు ఆయన్ని తలుచుకుని దణ్ణం పెట్టుకున్నాను గానీ, సిగ్గుతో టీవీ వైపు వెళ్ళలేకపోయాను.

ఆ రోజుల్లో గోదావరి రేవుల్లో షూటింగులకు కొదవ లేదు. అయినా పెద్దాయన వస్తే అది వేరు. ఆయన సినిమాల్లో గోదావరికి కూడా ఒక వేషం ఉంటుందని మా తాతయ్య అనేవారు. (నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించింది తాతయ్యే. అప్పటికి నాకు పదహారేళ్ళు వచ్చినా మా చదువు లోకజ్ఞానం దాకా రాలేదు.) మా రేవులో గుడి సెట్టు వేసి అమ్మవారిని నిలబెట్టారు. మొహంలో ఎంత కళో. అంతటి తల్లికి ధూపం లేదు, నైవేద్యం లేదు. నా ప్రాణం ఊరుకోలేదు. శుక్రవారం పొద్దున్నే, యూనిట్ వాళ్ళు టిఫిన్ల దగ్గర ఉండగా, పిఠాపురంలో చూసిన అభిషేకం గుర్తు చేసుకుంటూ పాలు, పసుపు నీళ్ళు, కొబ్బరి నీళ్ళు వరసగా ఎదురుగా నిలబడి పోశాను. కాసేపటికి అమ్మవారి కళ్ళ వెంట నల్లగా ధార కట్టింది.

అక్కడితో ఆగినా బాగుండేది. అమ్మవారు కన్నీరు పెడుతున్నారని వీధి వీధంతా చాటాను. హారతి పళ్ళెంతో నానమ్మ ముందు, లలితా సహస్రం చదువుతూ ఆడవాళ్ళంతా వెనక. మేం వెళ్ళేసరికి ముక్కు కూడా నాని ఊడి పాదాల దగ్గర పడి ఉంది. బొమ్మ చేసిన మేస్త్రి కూలబడిపోయాడు. "కన్నీళ్ళు కావమ్మా, నీళ్ళ రంగు" అన్నాడు నీరసంగా. హీరోయిన్ ఆ సాయంత్రమే వెళ్ళిపోతుందట. ఇంకో బొమ్మకు వ్యవధి లేదు, అమ్మవారు లేనిదే సీను లేదు. కాపలా పెట్టనందుకు మేస్త్రిని ఇంటికి పంపెయ్యమని మేనేజరు కేకలు. నానమ్మ హారతి పళ్ళేన్ని కొంగు చాటున దాచబోయింది (కర్పూరం ఇంకా వెలుగుతుండడం పక్కావిడ చూసింది కాబట్టి సరిపోయింది).

పెద్దాయన వచ్చి బొమ్మను చూశారు. చెంబుతో నిలబడిన నన్నూ చూశారు.

"ఏం కోరుకున్నావమ్మా?"

"మీ సినిమా బాగా ఆడాలనండి."

యూనిట్ అంతా ఒకటే నవ్వు. నాకు ఆ గోదావరిలోనే దూకాలనిపించింది. ఆయన మాత్రం నవ్వలేదు. బొమ్మ చుట్టూ తిరిగి వెనక ఆగారు. "వీపు చెక్కుచెదరలేదు కదయ్యా. కెమెరా ఇటు పెట్టండి. అమ్మవారికి హీరోయిన్ ఎలా కనబడుతుందో చూద్దాం" అన్నారు. మేస్త్రి వైపు తిరిగి, "నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదు, కిరీటం సరిచెయ్యి" అన్నారు.

సినిమా ఆడలేదు. అమ్మవారు నా మొర సగమే విన్నారు. ఆ షాటు మాత్రం నిలిచిపోయింది. భగవంతుడు భక్తుణ్ణి చూసే చూపు అదేనని టీవీలో ఎవరో పెద్దమనిషి చెప్పడం పక్క గదిలోంచి వినబడుతుంటే, చెవులు కాలుతున్నా నవ్వొచ్చింది. ఆ చెంబు పిల్ల అడగడమైతే మనస్ఫూర్తిగానే అడిగింది మరి.

ఆ షాటు చూస్తే మీరు పెద్దాయనను ఎలాగూ తలుచుకుంటారు. ఆ మేస్త్రిని కూడా ఒక్కసారి తలుచుకోండి. ఏ కెమెరాకూ కనబడదనుకున్న వీపు మీద కూడా జడ అల్లి, జడగంటలు పెట్టాడాయన.