పదిహేడో ఇంటి పెళ్లిరాట

లోకేశ్వరికీ నాకూ పడదని మా లేఅవుట్‌లో అందరికీ తెలుసు. పడదంటే మాటలు లేవని కాదు. పక్కపక్క ఇళ్ళవాళ్ళం, పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోవాల్సినవాళ్ళం. మాట్లాడుకుంటూనే ఉంటాం, అందులో ముప్పాతిక పోట్లాటే. ఆమె మా అసోసియేషన్ సెక్రటరీ. నేను ఆమె రూల్స్ తప్పేవాళ్ళలో మొదటిదాన్ని.

కోయంబత్తూరులో అవినాశి రోడ్డు దిగి కాస్త లోపలికి వస్తే మా లక్ష్మీ గార్డెన్. ఒకే గేటు, ఒకే బోరు, ఒకే కాపలా, యాభై దాకా ఇళ్ళు. సగంమంది మాలాగే ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడేవాళ్ళు. ఇల్లు నాది, పట్టా మా పేరు మీదే ఉంది. కానీ గోడకు ఏ రంగు వేయాలో, కారు ఎక్కడ ఆపాలో, చెత్త ఏ డబ్బాలో పోయాలో చెప్పేది అసోసియేషన్. అసోసియేషన్ అంటే లోకేశ్వరి.

నిరుడు ఎండాకాలం క్లబ్‌హౌస్ మేడ మీద పాత చీర పరిచి వడియాలు పెట్టాను. మధ్యాహ్నానికల్లా వాట్సాప్ గ్రూపులో నా వడియాల ఫొటో వచ్చింది. కింద ‘ఉమ్మడి స్థలంలో సొంత వస్తువులు పెట్టరాదు’ అని రాసి ఉంది. నా పేరు రాయలేదు. రాయడమెందుకు, ఆ చీర నేను ఎన్ని పెళ్ళిళ్ళకు కట్టానో అందరూ చూశారు. సాయంత్రం తనే వచ్చి, తన పెరట్లో ఎండ బాగా పడుతుందనీ, రేపటినుంచి అక్కడ పెట్టుకోమనీ చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు వెళ్ళి అక్కడే పెట్టుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. వీధి మలుపులో ఎవరూ కారు ఆపకూడదని ఆమె రూలు పెట్టినప్పుడు అందరికంటే గట్టిగా అరిచింది మా ఆయన శరవణకుమార్. మా ఇంటి ముందు మేము ఆపుకోకూడదా అని మీటింగులో బల్ల కొట్టాడు. ఆ పై ఏడు ఒక ఉదయం ఆయనే గుండె పట్టుకుని వాకిట్లో పడిపోయాడు. ఆంబులెన్స్ ఆ మలుపు తిరిగి, ఆగకుండా నేరుగా మా గుమ్మం దాకా వచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు, ఇంకాస్త ఆలస్యమై ఉంటే చేతుల్లో ఏమీ ఉండేది కాదన్నారు. ఆ రూలు లేకపోతే నేను ఈ రోజు పసుపు కుంకుమలతో ఉండేదాన్ని కాదు. ఆ మాట లోకేశ్వరితో ఎప్పుడూ అనలేదు. అంటే ఇక పట్టలేం.

ఆమె పుట్టింది కోవిల్‌పట్టి దగ్గర నల్లరేగడి పల్లెలో. అక్కడ వాళ్ళ వంశానికంతా ఒకటే బావి. ఏ చేనుకు ఎప్పుడు నీళ్ళు పారాలో వంతులు ఉండేవి, ఆ వంతులు చూసే పని వాళ్ళ నాన్నది. వానలు ముఖం చాటేసిన ఒక ఏడు ఆయన మిరపచేను కళ్ళముందే ఎండిపోతోంది. బావి తాళం ఆయన మొలలోనే ఉంది. అయినా తన వంతు వచ్చేదాకా ఆగాడు. చేను పోయింది. ఈ కథ ఆమె నోట ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ చివర, చేను ఎండింది కానీ బావి దగ్గర ఒక్క తలా పగల్లేదని గర్వంగా చెబుతుంది. ఆ గర్వం చూస్తే నాకు ఒకోసారి భయమేస్తుంది.

మోటారు పంపుల విడిభాగాలు చేసే బాలకృష్ణన్‌ని పెళ్ళాడి ఈ ఊరు వచ్చింది. మేమంతా ఈ లేఅవుట్‌లో చేరిన కొత్తలో నీళ్ళ ట్యాంకరు వస్తే బిందెలతో తోసుకునేవాళ్ళం. వాన నీరు ఇంకడానికి గుంతలు తీయించి, బోరును బతికించి, ట్యాంకరును గేటు బయటే ఆపేసింది ఆమె. అప్పటినుంచి సెక్రటరీ పదవి ఆమెను వదల్లేదు, ఆమె దాన్ని వదల్లేదు.

ఇక అసలు సంగతి. మా ఇళ్ళలో పెళ్ళంటే ముందు రాట. ఇక్కడ పందకాలు అంటాం. పాలుగారే చెట్టు పచ్చి కొమ్మ తెచ్చి, పసుపు రాసి, నవధాన్యాలు పోసిన పసుపుగుడ్డ మూట దానికి కడతాం. ఇంటి ముందు ఈశాన్యంలో గుంత తీసి, పాలు పోసి, ఐదుగురు ముత్తైదువులు కలిసి చేయి పట్టి నిలబెడతాం. అది నిలిచాకే పెళ్ళి మొదలైనట్టు. కొన్నేళ్ళ కింద ఒక ఇంటివాళ్ళు అలా గుంత తీస్తూ మంచినీళ్ళ పైపును పగలగొట్టారు. లేఅవుట్ మొత్తం గొంతు తడవక అల్లాడింది. ఆ వారమే లోకేశ్వరి రూలు తెచ్చింది. ఇంటి ముందు పరిచిన రాళ్ళు పీకరాదు, గుంత తీయరాదు, కారణం ఏదైనా సరే.

ఆ రూలు మొదట తగిలింది చివరి వరుసలో ఉండే కాళియమ్మకు. ఆమె మనవడు మణికండన్ పెళ్ళికి, ఒక్క జానెడు గుంతకు అనుమతి అడిగింది. లోకేశ్వరి కుదరదంది. చివరికి ఇసుక నింపిన బక్కెట్టులో రాట నిలబెట్టారు. పట్టిన ఐదుగురిలో నేనూ ఉన్నాను. కాళియమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. ఎవరూ రాయి కదపకుండా చూడటానికి లోకేశ్వరి వాచ్‌మేన్‌తో కలిసి వాకిట్లో నిలబడింది. రాట నిలిచాక వెళ్ళిపోయింది. ఆ తర్వాత కాళియమ్మ ఆమెతో మాట్లాడటం మానేసింది. ఎదురుపడితే నమస్కారం పెట్టి పక్కకు తప్పుకునేది.

ఈ తై నెలలో, సంక్రాంతి దాటాక, లోకేశ్వరి కూతురు కృత్తికకు సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు వాళ్ళ ఊరు తేని, యాలకుల వ్యాపారం. పిల్లా పిల్లవాడూ ఒకరికొకరు నచ్చారు, అంతా సజావుగా ఉంది. అప్పుడు లేచింది లోకేశ్వరి అత్త తిరుమలమ్మాళ్. ఎనభై దాటిన మనిషి, గొంతు మాత్రం గేటు దాకా వినిపిస్తుంది. నేను మా వంటింట్లో ఉండి విన్నాను.

“నా రాట మా నాయన వాకిట్లో నల్లమన్నులో నాటిరి. పెండ్లి అయినంక చిగురు పెట్టె. నా మనవరాలికి బక్కెట్లో నాటేదానికి నేను ఒప్పను. నీకు సంఘం పెద్దదా, కూతురు పెద్దదా?”

చేతిలో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

నిజం చెప్పాలంటే లేఅవుట్ అంతా దీనికోసమే ఎదురుచూస్తోంది. రూలు రాసిన మనిషి ఇంటికి రూలు వర్తిస్తుందా లేదా అని. నాకూ ఆ కుతూహలం లేదని అనను. లోకేశ్వరి తవ్వితే జన్మంతా దెప్పిపొడవచ్చు. తవ్వకపోతే ఆ ముసలావిడ పెళ్ళికి పీటల దగ్గరికి కూడా రాదు.

ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో మీటింగు. లోకేశ్వరి సెక్రటరీ కుర్చీలో కాక మా మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పదిహేడో ఇంటి మనిషిగా అడుగుతున్నానని, పైపు లేని వైపున ఒక గుంతకు అనుమతి కావాలని చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది కానీ చేతిలో రుమాలు నలిగిపోతోంది. ఆమె ఏదైనా అడగడం ఆ హాలులో అదే మొదటిసారి.

మా ప్రెసిడెంట్ జీవ కంప్యూటర్ కంపెనీలో పనిచేసే కుర్రాడు, మంచివాడు. నవ్వుతూ అన్నాడు, “మీకు లేని పర్మిషన్ ఇంక ఎవరికక్కా? నాలుగు రాళ్ళే కదా, తీసి మళ్ళీ పరిస్తే సరి.”

అందరూ తలలూపారు. అక్కడితో అయిపోవాల్సింది. లోకేశ్వరి మొహం ఎర్రబడింది.

“నాకని ఇచ్చేది నాకు వద్దు జీవా,” అంది. “కాళియమ్మత్తకు లేనిది నాకు ఏ లెక్కన వచ్చె? మా ఇంట్లోనూ బక్కెట్టే. ఇంక మీద పెండ్లి చేసేవాళ్ళకని తూర్పు గేటు పక్కన, పైపు లేని చోట, కొంచెం మన్ను వదలండి. అందరూ ఆడ నాటుకోనీ. మా పెండ్లి అయినంకనే.”

చప్పట్లు వినిపించాయి. లోకేశ్వరి వెనక్కి తిరిగి కాళియమ్మ వైపు చూసింది. లెక్క సరిచేశాను కదా అన్నట్టు ఉంది ఆ చూపు. నేను ఆమె పక్కనే ఉన్నాను, స్పష్టంగా చూశాను. కాళియమ్మ కుర్చీ పట్టుకుని మెల్లగా లేచింది.

“బక్కెట్టు కోసరం నేను ఏడ్చలేదమ్మా,” అంది. “పైపు పగిలితే అందరికీ కష్టం, అది నాకు తెలీదా? ఆ పొద్దు నువ్వు మా వాకిట్లోనే ఉంటివి. వాచ్‌మేన్ పక్కన. వచ్చి రాట మీద ఒక చేయి పెట్టి ఉంటే నీ రూలు ఏమి చెడిపోయె?”

లోకేశ్వరి నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. ఇన్నేళ్ళలో ఆమె నోరు మూతపడటం చూడాలని ఎంత కోరుకున్నానో, తీరా చూశాక నాకు సంతోషం కలగలేదు. ఆ రోజు చేయి పట్టిన నాకు కూడా, ఆమెను పిలవాలని తోచలేదు కదా.

ఆ సాయంత్రం లోకేశ్వరి పసుపు, కుంకుమ, తాంబూలం పళ్ళెంలో పెట్టుకుని ఒంటరిగా చివరి వరుస వైపు నడిచింది. రాటకు పిలవడానికి. వెళ్ళినంతసేపు కూడా లేదు, తిరిగి వచ్చింది. వస్తానందా అని అడిగాను. పళ్ళెం తీసుకుందని మాత్రం చెప్పింది.

రాట రోజు తెల్లారింది. వాకిట్లో పసుపు పూసిన బక్కెట్టు, దాని నిండా ఇసుక. కృత్తిక పట్టుచీరలో కూర్చుని ఉంది. ముత్తైదువులం నలుగురం చేరాం. తిరుమలమ్మాళ్ లోపలి గదిలో గోడవైపు తిరిగి కూర్చుంది. భర్త పోయినప్పటినుంచి ఆమె ఏ రాటా ముట్టలేదు, ఈసారి చూడటానికి కూడా రానంది. బాలకృష్ణన్ గడియారం వంక చూస్తున్నాడు. ముహూర్తం దాటితే రాహుకాలం వస్తుంది. ఎదురింటి ఆవిణ్ణి పిలుద్దామా అని లోకేశ్వరి చెవిలో అడిగాను.

“వద్దు,” అంది. “ఆ చోటు కాళియమ్మత్తది. రాకపోతే ఖాళీగానే ఉండనీ.”

ఆమె చెయ్యి పట్టుకున్నాను.

అప్పుడు కనిపించింది కాళియమ్మ, నీలం పట్టుచీరలో, భర్త అయ్యాసామి భుజం ఆసరాగా పట్టుకుని. గేటు దాటి, బక్కెట్టు దాటి, మా ఎవరి మొహమూ చూడకుండా నేరుగా ఇంట్లోకి వెళ్ళింది. లోపల ఏవో మాటలు వినిపించాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతిలో తిరుమలమ్మాళ్ చెయ్యి ఉంది. ముసలావిడ గడప దగ్గర ఆగిపోయింది.

“నేను పట్టకూడదే,” అంది తిరుమలమ్మాళ్. ఆ గేటు దాకా వినిపించే గొంతు, పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

“ఎవరు చెప్పిరి?” అంది కాళియమ్మ. “సంఘంలో అట్ల రూలు ఏమీ లేదే వదినా.”

మొదట నవ్వింది లోకేశ్వరి. నవ్వుతూనే ఏడ్చేసింది, దాచుకోలేదు. కాళియమ్మ రాట మీద చేయి వేసి, దాని పైన తిరుమలమ్మాళ్ చేయి పెట్టించి, “నువ్వూ పట్టు” అని లోకేశ్వరిని పిలిచింది. మేమంతా పట్టాం. ఇసుక తడిసి బరువుగా ఉంది, కొమ్మ నిటారుగా నిలిచింది. కృత్తిక వచ్చి పాలు పోసింది.

పెళ్ళి బాగా జరిగింది. పిల్ల తేనిలో సుఖంగా ఉంది. తూర్పు గేటు పక్కన రాళ్ళు తీసి కొంత నేల వదిలారు. దానికీ ఒక కడ్డీల కంచె, ఒక బోర్డు. లోకేశ్వరికి కంచె, బోర్డు లేకుండా తోచదు. గుంత ఎంత లోతు తీయాలో, పెళ్ళి అయ్యాక ఎవరు పూడ్చాలో, అన్నీ తమిళంలో వరుసగా రాయించింది. చివరి వాక్యం ఇది: ఏ ఇంటివాళ్ళు రాట వేసినా సెక్రటరీ తప్పకుండా వచ్చి చేయి పట్టాలి, ముత్తైదువైనా కాకపోయినా, మగవాడైనా.

క్షమించమని ఒక్క మాట అడిగితే పోయేదానికి రూలు చేసింది మహాతల్లి. కాళియమ్మకు చదువు రాదు. మనవడి పెళ్ళాం యువరాణి చేత ఆ బోర్డు చదివించుకుని, ఆ చివరి వాక్యం మాత్రం మళ్ళీ చదవమందట.

ఆ రూలు మీటింగులో ఓటుకు వచ్చినప్పుడు, ఇన్నేళ్ళలో లోకేశ్వరి పెట్టిన దేనికీ ఎత్తని చెయ్యి, అందరికంటే ముందు నేనే ఎత్తాను.