పడుకుని చూడాల్సిన మొక్క

మా ఆవిడ కొత్తిమీరను వేళ్ళతో సహా ఫ్రిజ్‌లో పెట్టేస్తుంది. తలుపు తీయగానే తడిమట్టి వాసనతో చలిగాలి ముఖానికి కొడుతుంది. ఆ వాసనకు నాకు ఇప్పటికీ ప్రకాశం గారి మీద చిరాకు పుట్టుకొస్తుంది.

ఎనభైలలో బహ్రెయిన్‌లో, జిదాఫ్స్ దగ్గర ఒక నర్సరీలో ఆయన మా సూపర్‌వైజరు. గుంటూరు మనిషి. అంతకుముందు సైన్యంలో, లడఖ్ కొండల మీద పనిచేశారు. చెట్లన్నీ ఆగిపోయిన ఎత్తులో రాళ్ళ మధ్య పెరిగే ఒక మొక్క విత్తనాలను పాత స్నేహితుడెవరో కవరులో పంపితే, కోసిన పూలు దాచే చల్లగదిలో ట్యూబులైటు కింద మొలిపించారు. నాలుగేళ్ళకు అది రూపాయి బిళ్ళంత అయింది. అంతే. దానికోసం నన్ను రోజూ ఎండలోంచి పిలిచేవారు.

“పడుకుని చూడరా మల్లేశూ.”

“నిలవడితె కనవడదా సారూ?”

“నిలబడి చూసేవి బయట బోలెడున్నాయిగా. ఆ కొండగాలికి ఇది తలెత్తలేదు. మనమే దిగాలి.”

చెమట చొక్కాతో ఆ చల్లటి సిమెంటు మీద బోర్లా పడుకుంటే దగ్గు పట్టుకునేది. ఆయన మాత్రం ఆకులు ఒకదాన్నొకటి హత్తుకుని వెచ్చదనం ఎలా దాచుకుంటాయో చెప్పిందే చెప్పేవారు. విసుగొచ్చి చచ్చేవాణ్ణి.

ఆయన ఉద్యోగం ముగించుకుని ఇంటికి వెళ్ళిపోయే నెలలో ఆవగింజంత మొగ్గ కనబడింది. “నేను విమానం ఎక్కేలోపు విచ్చుకుంటే చాలురా, ఇంకేం అక్కర్లేదు,” అన్నారు. మొగ్గ కదలదు, ఆయన ముఖం చూడలేను. అక్కడ సెలవు శుక్రవారమే, చర్చి ప్రార్థనా ఆ రోజే. ఒక శుక్రవారం ఆయన చర్చికి వెళ్ళగానే, ఎండ తగిలితే తొందరగా పూస్తుందని కుండీని బయటపెట్టి చెంబెడు నీళ్ళు పోశాను. మా ఊళ్ళో ఏ మొక్కకైనా చేసేది అదే. మధ్యాహ్నానికి మొగ్గ రాలిపోయింది, మొక్క మెత్తబడిపోయింది.

ఆయన వచ్చారు. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతోనే ఇసుకలో బోర్లా పడుకున్నారు. ఆకులన్నీ వేలితో ఒక్కొక్కటే తడిమి చూసి, “పడుకో,” అన్నారు. పడుకున్నాను.

“ఈ అంచున ఇంకా పచ్చగా ఉంది చూడు. నేను వెళ్ళాక నీళ్ళు పొయ్యకు. ఐసు ముక్క పెట్టు, చాలు.”

ఆ అంచు వేసవి దాకా బతికింది. ఈ వయసులో కూడా, కుండీలో ఏదైనా వాడితే చెంబు అందుకునే ముందు నేలమీద పడుకుని చూస్తాను. మా ఆవిడ నవ్వుతుంది. ఆ రోజు ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఆయన్ని ఎప్పుడో మరచిపోయేవాణ్ణి. తిట్టలేదు. ఆ కోపం ఇంకా పోలేదు నాకు.